నురగను నిలబెట్టేది బయటి పైపే

ఒడిశాలో ఋషికుల్య నది ఒడ్డునున్న పురుషోత్తంపూర్‌లో సముద్రపు చేపల తొట్టె పెట్టాలంటే అసలు బెడద నీళ్ళతోనే. గోపాల్‌పూర్ తీరం నుంచి డబ్బాలతో మోసుకు రావాలి. వానాకాలంలో ఏటిమూతి దగ్గర ఉప్పదనం పడిపోతుంది గనక ఎక్కడబడితే అక్కడ ముంచుకోవడానికీ లేదు. జిల్లాలోనే హుమా ఉప్పుమళ్ళున్నాయి కదా, ఆ ఉప్పు బోరునీళ్ళలో కలిపితే పోలా అనిపిస్తుంది. కుదరదు. మళ్ళలో ఏరేది ప్రధానంగా సోడియం క్లోరైడు. చేపలకూ పగడాలకూ కావలసిన మెగ్నీషియం చాలామటుకు మిగులునీళ్ళలోనే పోతుంది. కాబట్టి సంపాదించుకున్న నీటినే వీలైనన్నాళ్ళు శుభ్రంగా నిలుపుకోవాలి. ప్రొటీన్ స్కిమ్మర్ చేసే పని అదే. చేపల విసర్జన, మిగిలిపోయిన మేత నీటిలో కరిగి, కుళ్ళి, అమ్మోనియాగా మారకముందే నురగగా పైకి తీసేస్తుంది. ప్రొటీన్ల వంటి అణువుల్లో ఒక భాగానికి నీరంటే ఇష్టం, మరో భాగానికి గిట్టదు. అందుకే అవి గాలి బుడగ అంచును పట్టుకుని దానితోపాటు పైకి వస్తాయి. అలలు విరిగాక గోపాల్‌పూర్ ఇసుక మీద కాసేపు నిలిచే నురగ వెనక ఉన్నదీ ఇదే. లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పున్న నీటిలో బుడగలు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా చిన్నవిగానే ఉంటాయి. మంచినీటి తొట్టెలో ఈ యంత్రం అంతగా పనిచేయకపోవడానికి ముఖ్య కారణం అదే.

ఇంట్లో స్కిమ్మర్ చేసుకునేవాళ్ళు డబ్బూ ఆలోచనా పంపు మీదా గాలి మీదా పెట్టి, నీరు బయటికి పోయే పైపు దగ్గరికి వచ్చేసరికి చేతికందిన ముక్క అతికించేస్తారు. నా ఉద్దేశంలో ఇది తలకిందుల లెక్క. నురగ స్కిమ్మర్ గొట్టం పైనున్న మెడలోకి ఎక్కుతూ, తనలోని నీటిని కార్చుకుని, మురికితో ఆ పైనున్న కప్పులో పడాలి. గొట్టంలో నీటిమట్టం ఒక్క సెంటీమీటరు పెరిగితే చిక్కటి టీ రంగు మురికికి బదులు పల్చటి ఉప్పునీళ్ళు కప్పు నింపుతాయి. తగ్గితే నురగ మెడలోనే ఆరిపోతుంది. ఆ మట్టం ఎక్కడ నిలుస్తుందో తేల్చేది బయటి పైపు. గంటకు 1000 లీటర్ల నీరు, లోపలి వ్యాసం 25 మి.మీ. ఉన్న పైపులోంచి రెండు ఎల్బోలు దాటి పోవాలంటే దాన్ని తోయడానికి 5, 6 సెం.మీ. ఎత్తు నీరు వెనక నిలబడాలి. 50 మి.మీ. పైపైతే అర సెంటీమీటరు కూడా అక్కర్లేదు, ఎందుకంటే వ్యాసం రెట్టింపైతే అడ్డు సుమారు 16వ వంతుకు పడిపోతుంది. పైగా ఆ అడ్డు ప్రవాహపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పంపు మూతికి నాచు పట్టినా, తొట్టె కిందనుండే సంప్‌లో నీరు ఆవిరై తగ్గినా ప్రవాహం ఓ 10 శాతం మారుతుందనుకుందాం. సన్నపైపు పెట్టిన గొట్టంలో మట్టం సెంటీమీటరు ఊగుతుంది, లావు పైపుతో మిల్లీమీటరైనా కదలదు. పైపుకీ ఎల్బోలకీ పెట్టే కాస్త అదనపు ఖర్చుతో వచ్చే నిలకడ ఇది.

మరి గాలి సంగతేమిటని అడగవచ్చు. గాలి కూడా మట్టాన్ని కదుపుతుంది, నిజమే. గొట్టంలో పదో వంతు గాలి ఉంటే 50 సెం.మీ. బుడగల నీరు బయట 45 సెం.మీ. మామూలు నీటితో సరితూగుతుంది. ఎయిర్‌స్టోన్ (బుడగలు తీసే రాయి) మూసుకుపోయేకొద్దీ లోపలి నీరు బరువెక్కి మట్టం దిగిపోతుంది. అందుకే బయటి పైపు లావుగా ఉంటే చాలదు, దాని ఎత్తు మార్చుకునే వీలుండాలి. గొట్టం అడుగు నుంచి పైపును పక్కనే పైకి లేపి, కొసకు కప్లింగు పెట్టి, అందులో టీ (T ఆకారపు జాయింటు) ఉన్న పైపు ముక్కను సొల్యూషన్ పూయకుండా టెఫ్లాన్ టేపు చుట్టి దిగ్గొడితే సరి. టీ పక్కమూతి నుంచి నీరు సంప్‌లోకి దిగుతుంది. పైమూతి తెరిచే ఉంచాలి, లేకపోతే సైఫన్ పట్టి గొట్టం ఖాళీ అవుతుంది. టీని వేలెడు పైకి లాగితే గొట్టంలో మట్టమూ దాదాపు అంతే లేస్తుంది. దీని బదులు గేటు వాల్వు పెట్టుకుంటే సులువు కదా అంటే, ప్లాస్టిక్‌ది దొరికితే భేషుగ్గా పెట్టుకోవచ్చు. హార్డ్‌వేర్ షాపులో గేటు వాల్వు అడిగితే చేతిలో పెట్టేది తరచూ ఇత్తడిది. ఉప్పునీటిలో ఇత్తడి నుంచి దిగే రాగి, చేపలు తట్టుకున్నా, రొయ్యల్నీ నత్తల్నీ పగడాల్నీ చంపేస్తుంది.

పంపు పెద్దదైతే ఎక్కువ శుభ్రం అనే వాదన వినడానికి బాగానే ఉంటుంది. పైనుంచి నీరు వచ్చి అడుగున బయటికి పోయే 10 సెం.మీ. వ్యాసపు గొట్టంలో గంటకు 1000 లీటర్లు పంపితే నీరు సెకనుకు 3.5 సెం.మీ. చొప్పున కిందికి దిగుతుంది. 0.2 మి.మీ. బుడగ పైకి లేచేది సెకనుకు 2 సెం.మీ. మాత్రమే. అంటే మురికిని పట్టడంలో అన్నిటికన్నా పనికొచ్చే చిన్న బుడగలు మురికితో సహా తిరిగి తొట్టెలోకే పోతాయి. 500 లీటర్లకు తగ్గిస్తే అవి పైకి రాగలుగుతాయి. ఇంత చేసినా స్కిమ్మర్ అన్నీ తీసేయదనే ఆక్షేపణ మాత్రం సరైనదే. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రజ్ఞుడు కెన్ ఫెల్డ్‌మన్ బజారు స్కిమ్మర్లను కొలిచి చూస్తే, నీటిలోని సేంద్రియ కర్బనంలో అవి తీయగలిగింది సుమారు 20 నుంచి 35 శాతం మాత్రమే. మిగతాదానికి నీరు మార్చడం, బొగ్గు వాడటం తప్పవు. ఆ కొలతల్లో ఒక స్కిమ్మర్‌కీ మరొకదానికీ మధ్య తేడా పెద్దగా కనిపించలేదు. ఖరీదైన యంత్రమే కొనాలన్న బెంగ పెట్టుకోనక్కర్లేదని నేను దాని నుంచి గ్రహిస్తున్నాను.

ఇక కరెంటు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఈ జిల్లాలో తొట్టె పెట్టేవాళ్ళు రోజుల తరబడి కరెంటు లేకపోవడాన్ని కూడా లెక్కలోకి తీసుకునే పైపులు వేయాలి. పంపు ఆగితే గొట్టంలోని నీరు వచ్చిన దారినే వెనక్కి జారుతుంది. అలా జరగకుండా లోపలికొచ్చే పైపుకు నీటిమట్టానికి కాస్త పైన చిన్న బెజ్జం పెడితే గాలి చొరబడి సైఫన్ తెగుతుంది. ఏదైనా జారినా పట్టేటట్టు సంప్‌లో నాలుగైదు లీటర్ల చోటు ఖాళీగా ఉంచాలి. కరెంటు వచ్చేదాకా చేపలకు బ్యాటరీ ఎయిర్‌పంపు ఆధారం. కరెంటు వచ్చాక తొందరపడకూడదు. ఆగి ఉన్నన్నాళ్ళు చచ్చినవీ కుళ్ళినవీ నీటిలో కరిగి ఉంటాయి గనక, స్విచ్చి వేయగానే నురగ పొంగి కప్పు దాటుతుంది. ముందే టీని బాగా కిందికి దించి, కప్పు నుంచి కారే సన్నగొట్టాన్ని సంప్‌లోకి కాకుండా విడిగా ఒక బకెట్లోకి పెట్టి అప్పుడు పంపు వేయాలి.