బ్రష్షులు లేని డీసీ మోటార్లు: మిల్లులకు, పంపులకు వాని ప్రయోజనము

ఇటీవల మోటార్లు అమ్మువారు సహకార సంఘములకు వచ్చి, "బ్రష్షులు లేని డీసీ మోటారు" లేక "బీఎల్‌డీసీ" అను యంత్రమును గూర్చి మిక్కిలి గొప్పగా చెప్పుచున్నారు. సంఘపు ధాన్యపు మిల్లునందును, నూనె మిల్లునందును, శీతల గిడ్డంగియందును పాత మోటార్లను తీసివేసి వీనిని పెట్టుట లాభమా కాదా యని నిర్ణయింపవలసినది పాలకవర్గము. వెచ్చింపబడు సొమ్ము మాత్రము సభ్యులది. కావున రైతు సోదరులు ఈ యంత్రపు మర్మమును కొంత తెలిసికొనుట యవసరము.

ఇంటిలోని మిక్సీని చూచిన యెడల బ్రష్షులన నేమో బోధపడును. అది తిరుగునపుడు లోపల నీలి నిప్పురవ్వలు కనబడును. కొంతకాలమునకు మరమ్మతువాడు అరిగిన బొగ్గు ముక్కలను మార్చును. పాత పద్ధతి డీసీ మోటారును ఇట్టిదే. తిరుగు భాగమునందు రాగితీగ చుట్లుండును. రాగి పలకలతో కూర్చిన "కమ్యుటేటరు" అను వలయముపై బొగ్గు బ్రష్షులు రాచుకొనుచు, ఏ క్షణమున ఏ చుట్టునకు కరెంటు కావలయునో దానికి అందించుచుండును. ఈ రాపిడిచే బొగ్గు అరుగును, పొడి రాలును, నిప్పు లేచును. దూది యెగురు తావున నిప్పురవ్వ యెంతటి యపాయమో పత్తి రైతునకు చెప్పనక్కఱలేదు.

బ్రష్షులు లేని మోటారునందు ఈ యమరిక తాఱుమాఱైనది. తీగచుట్లు కదలని భాగమునందుండును. తిరుగు భాగమునకు శాశ్వతమైన అయస్కాంతములు బిగింపబడి యుండును. అయస్కాంతము ఏ స్థానమున నున్నదో చిన్న సెన్సర్లు కనిపెట్టి తెలుపగా, "డ్రైవు" అను పెట్టెలోని ఎలక్ట్రానిక్ స్విచ్చులు ఒక చుట్టు తరువాత మఱియొక చుట్టునకు కరెంటు నిచ్చును. గానుగెద్దు ముందు పచ్చగడ్డి పట్టుకొని నడచిన ఎద్దు వెంబడించునట్లు, అయస్కాంతము ఆ చుట్ల వెంట పరుగెత్తుచుండును. రాపిడికి లోనగునవి బేరింగులు మాత్రమే. ఈ పద్ధతిని 1962లో అమెరికాయందు విల్సన్, ట్రికీ అనువారు ప్రకటించిరి. 1982లో జపాను దేశీయుడగు మసాటో సగావా నియోడిమియము కలిసిన బలమైన అయస్కాంతమును కనుగొనుటచే, చిన్న మోటారునకు పెద్ద బలము చేకూరినది. నేడు బ్యాటరీ ఆటోలందును, మందు చల్లు డ్రోనులందును తిరుగునవి చాలవఱకు ఈ జాతి మోటార్లే.

ఇచ్చట నొక సంగతి జాగ్రత్తగా గమనింపవలెను. "మా మోటారులో బొగ్గులు మార్చు ఖర్చు లేదు" అని అమ్మువాడు చెప్పును. నిజమే, కాని మన మిల్లులందును బోర్లయందును ఇప్పుడున్న త్రీఫేజు ఇండక్షను మోటార్లలోను సాధారణముగా బ్రష్షులు లేవు! లేని ఖర్చును తగ్గించితి ననుట లాభము కాజాలదు. నిజమైన లాభము వేఱుచోట నున్నది. ఇండక్షను మోటారు తిరుగు భాగమున కరెంటు పుట్టించి, ఆ కరెంటుచే తిరుగును; అందు కొంత శక్తి వేడిగా పోవును. అయస్కాంతమున్నచోట ఆ నష్టము లేదు.

ఎంత మిగులునో లెక్క వేసి చూతము. 3 హార్సుపవరు పని యనిన 2,238 వాట్లు. పాత మోటారు నూటికి 82 పాళ్లు సమర్థమైనచో 2,729 వాట్లు లాగును. క్రొత్తది 90 పాళ్లదైనచో 2,487 వాట్లు. భేదము 242 వాట్లు. దినమునకు 10 గంటలు, సంవత్సరమునకు 200 దినములు నడచిన 484 యూనిట్లు మిగులును. యూనిటు 7 రూపాయలైన 3,388 రూపాయలు. అదే మిల్లు పంటకాలమున 40 దినములు మాత్రమే నడచినచో మిగులునది 678 రూపాయలకు మించదు. ఏడాది పొడుగున నడచు శీతల గిడ్డంగి పంకాలకు తగినది, కొలది దినములు నడచు యంత్రమునకు తగకపోవచ్చును.

వేగమును మార్చు శక్తి మఱియొక ప్రయోజనము. గాలిపంకా వేగమును నూటికి 80 పాళ్లకు తగ్గించిన, అది కోరు శక్తి సుమారు 51 పాళ్లకు దిగును. తలుపు మూసి గాలి నాపుటకంటె ఇది మేలు. డ్రైవు మెల్లగా వేగము పెంచును గనుక, మోటారు వేయగనే ఆఱేడు రెట్లు కరెంటు లాగి ఊరి దీపములు మసకబారు బాధయు తప్పును. అయితే ఇండక్షను మోటారునకు తగిన డ్రైవు తగిలించినను ఈ రెండు లాభములు చాలవఱకు లభించును. పెద్ద మోటార్ల విషయమున ముందుగా దీనిని విచారించుట వివేకము.

సేద్యపు బోరునకు కరెంటు ఉచితముగా వచ్చుచోట రైతు సంచికి మిగులునది లేదు. సౌర పంపు మాట వేఱు. 2019లో ప్రారంభమైన పీఎం-కుసుమ్ పథకపు పంపులకు కేంద్ర ప్రభుత్వపు ప్రమాణములందు, అవే పలకలతో ఏసీ పంపు 90 కుండలు తోడవలసిన చోట డీసీ పంపు 100 కుండలు తోడవలెనని నిర్ణయము. ఎండయే ఇంధనమైనచోట ఈ పదవ వంతు చిన్నది కాదు.

ఇక లోపములు. డ్రైవు లేక ఈ మోటారు కదలదు; డ్రైవు పిడుగుపాటునకును, వోల్టేజి హెచ్చుతగ్గులకును, వేడికిని, దుమ్మునకును సున్నితము. తీగ చుట్టు పనివాడు ఊర దొరకును గాని, డ్రైవు బాగుచేయువాడు పట్టణమున గాని దొరకడు. కోతల కాలమున అది చెడినచో మిల్లు నిలుచును. అయస్కాంతములు హెచ్చుగా చైనానుండి వచ్చునవి. 2025 ఏప్రిలులో ఆ దేశము కొన్ని అరుదైన ఖనిజముల ఎగుమతిపై ఆంక్షలు విధింపగా మన దేశపు తయారీదారులు ఇక్కట్లు పడిరి. కావున కొనుటకు ముందే, డ్రైవునకు హామీ యెన్ని సంవత్సరములు, మాఱు డ్రైవు ఎన్ని దినములలో వచ్చును అను రెండు ప్రశ్నలకు వ్రాతమూలకముగా జవాబు తీసికొనవలెను. డ్రైవు పెట్టెను నీడపట్టున, గాలి తగులునట్లు, ఊకపొడి చేరని గోడకు బిగింపించి, మంచి ఎర్తు వేయింపవలెను. మోటారును విప్పవలసి వచ్చినచో తెలిసినవానిచేతనే విప్పింపుడు; లోని అయస్కాంతము ఇనుప రజను నంతయు లాగుకొనుటయే గాక, ఏమఱినచో వ్రేళ్లను నలిపివేయును.