సుంకం కన్నా రవాణా ఖర్చే భారం
విదేశీ పర్వతారోహణ సామగ్రి కొనుగోలుదారులకు తప్పని మోత

న్యూఢిల్లీ: గుడారాలు, స్లీపింగ్ బ్యాగులు, మంచులో నడిచే బూట్లు వంటి సామగ్రిని విదేశాల నుంచి నేరుగా తెప్పించుకొనే పర్వతారోహకులకు అసలు కన్నా కొసరే ఎక్కువ భారమవుతోంది. ఈ భారానికి దిగుమతి సుంకమే కారణమని చాలామంది భావిస్తారు. అయితే లెక్క వేసి చూస్తే సుంకం కన్నా రవాణా ఖర్చే కొనుగోలుదారుని ఎక్కువగా దెబ్బ తీస్తున్నట్లు తేలుతుంది.

వ్యక్తిగత వినియోగం కోసం దిగుమతి చేసుకొనే సుంకార్హమైన వస్తువులన్నింటిపై సుంకాన్ని 20 శాతం నుంచి 10 శాతానికి తగ్గించాలని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 2026 ఫిబ్రవరి 1న సమర్పించిన బడ్జెట్‌లో ప్రతిపాదించారు. ఇది వినియోగదారులకు ఊరట కలిగించే చర్యే. కాని ఆ ఊరట ఎంతమేరకన్నది పార్సిల్ ఖర్చుపై ఆధారపడి ఉంటుంది.

పన్ను మీద పన్ను

మన దేశంలో కస్టమ్స్ సుంకాన్ని వస్తువు ధరపై మాత్రమే విధించరు. ధరకు రవాణా ఖర్చు, బీమా కలిపి, ఆ మొత్తంపై విధిస్తారు. ఆపైన సుంకంతో కలిసిన మొత్తంపై సమగ్ర వస్తు సేవల పన్ను పడుతుంది.

ఉదాహరణకు ఒక గుడారం ధర 20,000 రూపాయలు, కొరియర్ ఖర్చు 5,000 రూపాయలు అనుకుందాం. సుంకం 20 శాతం, వస్తు సేవల పన్ను 18 శాతం అయితే, ఇతర రుసుములను మినహాయించినా గుడారం ఇంటికి చేరేసరికి 35,400 రూపాయలవుతుంది. సుంకాన్ని సగానికి తగ్గిస్తే ఆ మొత్తం 32,450 రూపాయలకు దిగుతుంది. సుంకాన్ని యథాతథంగా ఉంచి, రవాణా ఖర్చును సగానికి తగ్గిస్తే 31,860 రూపాయలే అవుతుంది. అంటే 20 శాతం సుంకం ఉన్నపుడు రవాణాకు వెచ్చించే ప్రతి రూపాయీ కొనుగోలుదారునికి 1 రూపాయి 41 పైసలకు పైగా పడుతున్నదన్న మాట.

బరువు తక్కువ, బాడుగ ఎక్కువ

ఆరుబయట వాడే సామగ్రికి మరో చిక్కు ఉంది. ఇవి తేలికగా ఉన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి. కొరియర్ సంస్థలు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5,000తో భాగిస్తాయి. వచ్చిన సంఖ్య అసలు బరువు కన్నా ఎక్కువైతే దాని ప్రకారమే చార్జీ వసూలు చేస్తాయి. 50, 30, 30 సెంటీమీటర్ల కొలతలు గల పెట్టెలో రెండు కిలోల స్లీపింగ్ బ్యాగు ఉన్నా, చార్జీ మాత్రం తొమ్మిది కిలోలకు చెల్లించవలసిందే.

బూట్ల కొలత సరిపోకపోతే నష్టం రెట్టింపవుతుంది. వాడని వస్తువును తిరిగి ఎగుమతి చేస్తే చెల్లించిన దిగుమతి సుంకంలో 98 శాతం వరకు వాపసు పొందే అవకాశాన్ని 1962 నాటి కస్టమ్స్ చట్టంలోని 74వ సెక్షన్ కల్పిస్తున్నది. కాని రానుపోను కొరియర్ ఖర్చులు తిరిగి రావు. కానుక పేరుతో తెప్పించుకొనే మార్గమూ మూసుకుపోయింది. అంతవరకు 5,000 రూపాయల లోపు కానుకలకు ఉన్న వెసులుబాటును ప్రభుత్వం 2019 డిసెంబరులో ఎత్తివేసింది. రాఖీలు, ప్రాణరక్షక ఔషధాలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది.

అమెరికాలోనూ ఇదే ధోరణి కనిపించింది. 2016 నుంచి 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అక్కడ అమలులో ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ నిలిపివేశారు. ఈ నేపథ్యంలో భారత తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి అమెరికాకు పార్సిళ్ల స్వీకరణను ఆపివేసి, అక్టోబరు 15న పునరుద్ధరించింది. అమెరికాలో కొన్న వస్తువును మార్పిడికో, మరమ్మతుకో తపాలాలో పంపదలచిన వారికి ఏడు వారాల పాటు ఆ దారి లేకుండా పోయింది.

పొరుగున ఖాట్మండు

ఈ పరిస్థితులలో భారతీయ యాత్రికులకు నేపాల్ రాజధానిలోని థమేల్ బజారు ఒక ప్రత్యామ్నాయం. అక్కడ సరకును చేత్తో పట్టి చూసి కొనవచ్చు, అద్దెకూ తీసుకోవచ్చు. అయితే సముద్ర తీరం లేని నేపాల్‌కు కూడా రవాణా భారం తప్పదు. ఓడలలో వచ్చే సరకు కోల్‌కతా రేవు నుంచి బీర్‌గంజ్‌కు సుమారు 700 కిలోమీటర్లు, విశాఖపట్నం నుంచి అయితే సుమారు 1,400 కిలోమీటర్లు ప్రయాణించవలసి ఉంటుంది. ఆ ఖర్చు దుకాణంలోని ధరలో కలిసే ఉంటుంది.

తిరుగు ప్రయాణంలోనూ జాగ్రత్త అవసరం. 2016 నాటి బ్యాగేజి నిబంధనల ప్రకారం నేపాల్ నుంచి భూమార్గాన వచ్చేవారికి వాడిన సొంత వస్తువులకే సుంకం మినహాయింపు లభించేది. 2026లో సాధారణ పరిమితిని 75,000 రూపాయలకు పెంచినా, భూమార్గాన వచ్చేవారికి ఆ పెంపు వర్తించదు.

ఖర్చుకు వెరచి నాసిరకం సామగ్రితో ఎత్తయిన కొండలకు వెళ్లడం ప్రాణాంతకం. గడ్డకట్టే చలిలో స్లీపింగ్ బ్యాగు విలాస వస్తువు కాదు. ఏడాదికి ఒక్కసారి యాత్రకు వెళ్లేవారు లేహ్‌లోనో, ఖాట్మండులోనో మంచి సామగ్రిని అద్దెకు తీసుకోవడం మేలు. కొనక తప్పని వారు వస్తువు ధరతో పాటు పెట్టె కొలతలను కూడా ముందే అడిగి తెలుసుకుంటే, చివరి బిల్లు చూసి కంగు తినవలసిన అవసరం ఉండదు.