చింతచెట్టు మీది ‘సైబీరియా కొంగ’ మనదే

చలికాలం వస్తే జిల్లా పేజీల్లో ఒక ఫొటో తప్పదు. చెట్టునిండా తెల్లటి కొంగలు, కింద ‘సైబీరియా అతిథులు వచ్చేశారు’ అని వ్యాఖ్య. తేలినీలాపురం, వీరాపురం, ఉప్పలపాడు... ఊరు మారినా మాట మారదు. ఆ ఊళ్లవాళ్లు ఈ పక్షులను కంటికి రెప్పలా కాచుకుంటున్నారు. వాళ్లంటే నాకెంతో గౌరవం. అందుకే వాళ్లు కాపాడుతున్నది ఎవరిని అన్నది సరిగ్గా తెలియాలి.

అపోహ: చెట్ల మీద గూళ్లు కట్టే ఈ కొంగలు సైబీరియా నుంచి వస్తాయి.

రావు. వీరాపురంలో ఊరి మధ్య చింతచెట్ల మీద గూడు కట్టేది ఎర్రకాళ్ల కొంగ. తేలినీలాపురంలో దానికి తోడు గూడబాతు ఉంటుంది. నేలపట్టు చెరువులో గూడబాతు, నత్తగుల్ల కొంగ, తెల్ల కంకణం కలిసి కాపురం పెడతాయి. ఇవన్నీ మన నేల మీద పుట్టి పెరిగే జాతులే. మన గూడబాతు ప్రపంచం మొత్తంలో గూళ్లు కట్టేది దక్షిణాసియా, ఆగ్నేయాసియాల్లోనే.

అసలు సైబీరియా కొంగ వేరే పక్షి. అది చెట్టెక్కదు, బురద నేలల్లో గడ్డి మధ్య నేల మీదే గూడు కడుతుంది. మన దేశంలో అది చలికాలం గడపడానికి పేరుపడ్డ చోటు రాజస్థాన్‌లోని భరత్‌పూర్. 2001-02 చలికాలంలో అక్కడ ఒక జంట కనిపించింది. ఆ తర్వాత రాలేదు.

మరి మన కొంగలు ఏటా అదే కాలానికి ఊళ్లోకి ఎందుకు వస్తాయి? పిల్లల ఆకలి వల్ల. వానలకు చెరువులు నిండి చేప పెరుగుతుంది. తర్వాత నీరు మెల్లగా తగ్గుతుంటే ఆ చేపంతా లోతు తక్కువ మడుగుల్లోకి చేరుతుంది. గూట్లో పిల్లలున్నప్పుడు తల్లిదండ్రులకు కావలసింది అదే. ఎర్రకాళ్ల కొంగ వేటాడుతుంటే దగ్గరగా గమనించండి. ముక్కు సగం తెరిచి నీళ్లలో పెట్టి అటూ ఇటూ తిప్పుతుంది. చేప కంటికి కనబడనక్కర్లేదు, ముక్కుకు తగిలితే చాలు, టక్కున మూసేస్తుంది. లోతు నీళ్లలో ఈ పద్ధతి సాగదు. పిల్లలకు రెక్కలొచ్చాక అన్నీ చుట్టుపక్కల చెరువులకు, వాగులకు చెదిరిపోతాయి. ఊళ్లో కనబడకపోయేసరికి దేశం దాటి వెళ్లాయనుకుంటాం.

ఈ తేడా చిన్నది కాదు. విదేశీ అతిథులైతే నాలుగు నెలలు మర్యాద చేసి పంపితే సరిపోతుంది. మన పక్షులకు ఏడాది పొడవునా మన చెరువులే ఆధారం. ఊళ్లో చింతచెట్టును కాపాడి, పక్కన చెరువును పూడ్చేస్తే గూట్లో పిల్ల పస్తుంటుంది.

నిజంగా ఉత్తరం నుంచి వచ్చేవీ ఉన్నాయి. మంగోలియా, టిబెట్ పీఠభూముల్లో పిల్లల్ని చేసి హిమాలయాలు దాటి వచ్చే పట్టతల బాతు, ఇంకా సూదితోక బాతు అలాంటివే. ఇవి చలికాలంలో తిని, బలం పుంజుకుని, వేసవికి ముందే తిరిగి వెళ్తాయి. ఇక్కడ గుడ్లు పెట్టవు. కాబట్టి గుర్తు పెట్టుకోవడం సులువు: చలికాలంలో ఇక్కడ పెద్ద నీటిపక్షి ఏదైనా గూడు కడుతోందంటే అది మనదే.

అపోహ: పులికాట్ సరస్సు ఫ్లెమింగోలు ఆస్ట్రేలియా నుంచి వస్తాయి.

ఆస్ట్రేలియాలో నేడు అడవి ఫ్లెమింగోలే లేవు. మన దేశంలో వాటి పెద్ద గూళ్ల స్థావరం గుజరాత్‌లోని కచ్ రణ్. అక్కడ ఉప్పు బురదను కుప్పగా పోసి దాని మీద గుడ్డు పెడతాయి. పుట్టినప్పుడు పిల్ల బూడిద రంగులో ఉంటుంది. పెద్దయ్యాక కనిపించే గులాబి రంగు, నాచు, చిన్న రొయ్యల జాతి జీవుల వంటి తిండి నుంచి వచ్చేది.

అపోహ: వలస పక్షిని చూడాలంటే అభయారణ్యానికే వెళ్లాలి.

మీ ఇంటి గోరింట కంచె దగ్గర ఉదయం కాసేపు నిలబడండి. ‘చక్... చక్’ అని ఆకుల మధ్య నుంచి గోధుమ రంగు పిట్ట ఒకటి పలుకుతుంటుంది, ఓ పట్టాన బయటికి రాదు. బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ అంటారు. బరువు పదిహేను గ్రాములు దాటడం అరుదు. దాని పుట్టిల్లు ఫిన్లాండ్ నుంచి రష్యా మీదుగా మధ్య ఆసియా దాకా ఉన్న పొదలు. అందరూ సైబీరియా పేరు కొంగకు పెడుతున్నారు గానీ, అంత దూరం నుంచి ఎగిరొచ్చేది పెరట్లోని ఈ పిట్ట. అక్టోబరులో పొన్నంగి పిట్ట కూడా రాత్రిపూట ఎగిరి వచ్చి, అలసిపోయి తోటల్లో దిగుతుంది. అది ఉత్తర, మధ్య భారతాల్లో పిల్లల్ని చేసి దక్షిణానికి దిగే పక్షి. కిందపడి కనిపిస్తే నీళ్లు గొంతులో పోయకండి. పిల్లులకు అందకుండా అట్టపెట్టెలో చీకటిగా ఉంచి, తేరుకున్నాక వదిలేయండి. దెబ్బ తగిలి ఉంటే అటవీ శాఖకు అప్పగించండి.

అపోహ: చలికాలంలో పక్షులకు బ్రెడ్డు, బూందీ పెడితే పుణ్యం.

మంచు కప్పేసే దేశాల్లో గింజలు పెట్టడానికి కారణం ఉంది. మన దగ్గర చలికాలంలో తిండికి కరువు ఉండదు. ఉప్పు, నూనె కలిసినవి పక్షులకు చేటు. పైగా వార్బ్లర్లు, ఈగపిట్టలు పురుగులు తినేవి, గింజ ముట్టవు. పెరట్లో పురుగుమందు కొట్టకపోవడమే వాటికి పెట్టే భోజనం. మట్టి మూకుడులో నీళ్లు పోసి, రోజూ కడిగి మార్చండి.

అపోహ: సెల్‌ టవర్ల వల్లే పిచ్చుకలు అంతరించాయి.

అందుకు గట్టి ఆధారం లేదు. 2020లో వెలువడిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద పాతికేళ్లుగా పిచ్చుకల సంఖ్య స్థిరంగానే ఉంది. తగ్గింది పెద్ద నగరాల్లో. పిల్లలకు పెట్టడానికి పురుగులు, గూటికి గోడల్లో సందులు లేకుండా పోవడమే ముఖ్య కారణాలుగా కనిపిస్తున్నాయి.

అపోహ: దగ్గరికి వెళ్తేనే బాగా చూడగలం.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ మధ్య నుంచే సాగుతుంది. అక్కడి నుంచి బైనాక్యులర్‌తో చూస్తే చాలు. మేస్తున్న పక్షులు ఒక్కసారిగా తలలెత్తాయంటే మీరు మరీ దగ్గరికి వెళ్లారని అర్థం, వెనక్కి రండి. ఫొటో కోసం గుంపును లేపేవాళ్లు వాటి తిండివేళను, ఒంట్లో శక్తిని దోచుకుంటున్నారు.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ‘గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్’ జరుగుతుంది. ఎవరైనా పాల్గొనవచ్చు, రుసుము లేదు. మీ పెరట్లోనో చెరువుగట్టునో కనీసం పదిహేను నిమిషాలు నిలబడి, చూసిన పక్షులను లెక్కపెట్టి ‘ఈబర్డ్’ వెబ్‌సైట్‌లో నమోదు చేయండి. పిల్లలను కూడా వెంట తీసుకెళ్లండి.