గుంట కాడ జనరేటర్‌కి ఆయిల్ ఎప్పుడు మార్చాలి? ఆయిల్ టెస్ట్ గురించి పూర్తిగా

ఈ ఎపిసోడ్‌లో ఇంజన్ ఆయిల్ గురించి మాట్లాడుకుందాం. బైక్ ఆయిల్ కాదు, గుంట కాడ ఉండే డీజిల్ జనరేటర్ ఆయిల్.

ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు... మన నెల్లూరు తీరంలో ఎటు పోయినా రొయ్యల గుంటలే కదా. కరెంటు పోతే ఏరియేటర్లు తిప్పేది జనరేటరే. నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గేది తెల్లవారుజామున. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి, జనరేటర్ కూడా మొరాయించిందనుకోండి, నెలల తరబడి మేపిన వనామీ కొన్ని గంటల్లో తేలిపోవచ్చు. అంటే ఇక్కడ ఆయిల్ ఖర్చు చిన్నది, పంట పెద్దది. ఈ లెక్క గుర్తుపెట్టుకుని మిగతాది వినండి.

నల్లబడితే మార్చేయాలా?

చాలామంది డిప్‌స్టిక్ తీసి, వేలికి రాసుకుని, "నల్లగా అయిపోయిందబ్బా, మార్చేద్దాం" అంటారు. డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ పోసిన కొద్ది గంటలకే నల్లబడుతుంది. డీజిల్ మండేటప్పుడు వచ్చే మసిని ఆయిల్ తనలో కలుపుకుని, ఇంజన్ లోపల పేరుకోకుండా పట్టి ఉంచుతుంది. అది దాని డ్యూటీ. కాబట్టి నలుపు చూసి ఆయిల్ ఆయుష్షు చెప్పలేం. రంగులో నిజంగా భయపడాల్సింది ఒక్కటే: పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే నీళ్లు కలిశాయని అర్థం. అప్పుడు ఇంజన్ నడపకండి, మెకానిక్‌ని పిలవండి.

మరి గంటల లెక్క?

మాన్యువల్‌లో 250 గంటలనో 500 గంటలనో రాసి ఉంటుంది. అది అందరికీ కలిపి వేసిన లెక్క. మీ ఇంజన్ ఎలా నడుస్తోందో దానికి తెలీదు.

ఒక ఉదాహరణ చూడండి. కరెంటు బాగా ఉండే చోట, వారానికోసారి పది నిమిషాలు లోడ్ లేకుండా స్టార్ట్ చేసి ఆపేస్తుంటారు. ఇంజన్ సరిగ్గా వేడెక్కదు. లోపల పుట్టిన ఆవిరి నీరై ఆయిల్‌లోనే ఉండిపోతుంది, మండని డీజిల్ కూడా కొంచెం కిందికి జారుతుంది. అవర్ మీటర్‌లో చూస్తే గంటలు పెద్దగా ఉండవు, ఆయిల్ మాత్రం పాడైపోయి ఉండొచ్చు. అందుకే మాన్యువల్‌లో గంటలతో పాటు "లేదా ఇన్ని నెలలు" అని కూడా ఉంటుంది. ఏది ముందొస్తే అది పాటించాలి.

ల్యాబ్‌లో ఏం చూస్తారు?

మనిషికి రక్త పరీక్ష ఎలాగో, ఇంజన్‌కి ఇది అలాగ. రిపోర్టులో మూడు రకాల విషయాలు ఉంటాయి.

మొదటిది, ఆయిల్ ఎలా ఉంది. 15డబ్ల్యూ-40 ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి. బాగా పలచబడితే డీజిల్ కలిసిందేమో చూడాలి. చిక్కబడితే మసి పెరిగిందనో, వేడికి ఆయిల్ ముదిరిందనో అనుమానించాలి. ఇంకోటి టీబీఎన్. ఆమ్లాన్ని చంపే శక్తి ఆయిల్‌లో ఎంత మిగిలిందో ఇది చెబుతుంది. కొత్త ఆయిల్‌లో ఉన్నదాంట్లో సగానికి పడిపోతే మార్చే టైం వచ్చిందని సాధారణంగా లెక్క వేస్తారు.

రెండోది, బయటి నుంచి ఏం కలిసింది. సిలికాన్ పెరిగితే దుమ్ము లోపలికి పోతోంది, ఎయిర్ ఫిల్టర్, దాని పైపులు చూడండి. సోడియం పెరిగితే కూలెంట్ గానీ ఉప్పు నీళ్లు గానీ కలుస్తుండొచ్చు. రేడియేటర్‌లో ఉప్పు బోరు నీళ్లు పోసే అలవాటుంటే ఈ నంబర్ మీద కన్నేయండి. సముద్రపు నీళ్లతో చల్లబడే బోటు ఇంజన్లకూ ఇదే మాట.

మూడోది, ఇంజన్‌లో ఏం అరుగుతోంది. దీన్ని పీపీఎంలో, అంటే పది లక్షల్లో ఎన్ని భాగాలు అని చెబుతారు. ఇనుము ఎక్కువగా లైనర్, క్రాంక్, గేర్ల నుంచి వస్తుంది. అల్యూమినియం పిస్టన్ నుంచి, క్రోమియం రింగుల నుంచి, రాగి, సీసం బేరింగుల నుంచి. బేరింగ్ శబ్దం మన చెవికి వినపడే లోపే రిపోర్టులో కనపడే అవకాశం ఉంది.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1946లో అమెరికాలో డెన్వర్ అండ్ రియో గ్రాండ్ వెస్టర్న్ రైల్వే వాళ్లు డీజిల్ ఇంజన్ల ఆయిల్‌లో లోహాలు కొలవడం మొదలుపెట్టారు. మన రైల్వే డీజిల్ షెడ్లలో కూడా దీనికి ల్యాబ్‌లు పెట్టుకున్నారు.

శాంపిల్ ఎలా తీయాలి?

ఇక్కడ తేడా వస్తే రిపోర్టు మొత్తం తప్పే. ఇంజన్‌ని వేడెక్కేదాకా నడిపి, ఆపి, డిప్‌స్టిక్ రంధ్రంలోంచి సన్నటి పైపుతో మధ్యలో ఉన్న ఆయిల్ లాగాలి. డ్రెయిన్ నుంచి తీస్తే మొదట వచ్చేది వదిలేసి మధ్యలోది పట్టాలి. ఆయిల్ వేడిగా ఉంటుంది, చేతులు జాగ్రత్త. ల్యాబ్ ఇచ్చిన సీసా వాడండి. కూల్‌డ్రింక్ బాటిల్ కడిగి పడితే అందులో మిగిలిన నీళ్లు కూడా రిపోర్టులోకి వస్తాయి.

అవర్ మీటర్‌ని ఫోన్‌తో ఫోటో తీసిపెట్టుకోండి. ఆయిల్ పేరు, గ్రేడ్, పోసి ఎన్ని గంటలైంది, మధ్యలో ఎంత టాప్-అప్ చేశారు, ఇవన్నీ రాసి పంపాలి. టాప్-అప్ దాచొద్దు, కొత్త ఆయిల్ కలిస్తే లోహాల నంబర్లు తగ్గి, అంతా బాగున్నట్టు కనిపిస్తుంది. మొదటిసారి కొత్త ఆయిల్ శాంపిల్ కూడా ఒకటి పంపితే పోల్చుకోవడానికి ఉంటుంది. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్ అయితే మంచిది.

రిపోర్టు చూసి నిర్ణయం ఎలా?

ఒక్క రిపోర్టుతో గడువు పెంచొద్దు. లెక్క కోసం ఇలా అనుకుందాం. 250 గంటలకు ఇనుము 18 పీపీఎం వచ్చింది. అంటే వంద గంటలకు సుమారు 7. మిగతావి కూడా బాగున్నాయి. అయినా ఆయిల్ మార్చేశారు. తర్వాతిసారి 300 దాకా నడిపారు, 22 వచ్చింది. వంద గంటలకు మళ్లీ 7 దగ్గరే. ఆ తర్వాత 350 దాకా నడిపితే 40 వచ్చింది. అంటే వందకు 11 దాటింది. అక్కడ ఏదో మారింది. వెంటనే ఇంకో శాంపిల్ పంపి, మళ్లీ 300కి వచ్చేయాలి. చూడాల్సింది ఒక్క నంబర్‌ని కాదండి, అది పెరిగే వేగాన్ని. వారంటీలో ఉన్న ఇంజన్‌కి మాత్రం మాన్యువల్ గడువు దాటొద్దు.

అందరికీ అవసరమా?

లేదు. బైక్‌లో పట్టేది లీటరు అటూఇటూ, టెస్ట్ డబ్బులతో ఆయిలే మార్చుకోవచ్చు. ఒకే చిన్న జనరేటర్ ఉన్న రైతు కూడా మాన్యువల్ ప్రకారం మారిస్తే చాలు. నాలుగైదు పెద్ద జనరేటర్లున్నవాళ్లకు, కృష్ణపట్నం పోర్టుకి లారీలు తిప్పేవాళ్లకు, పెద్ద బోట్లున్నవాళ్లకు ఆయిల్ మిగులుతుంది.

ఒక్క జనరేటరే ఉన్నా, గుంటలో పంట ఉంటే మాత్రం ఏడాదికి ఒక టెస్ట్ చేయించండి. ఆయిల్ మిగుల్చుకోవడానికి కాదు, ఇంజన్ ఆరోగ్యం తెలుసుకోవడానికి. మన దగ్గర పెద్ద వానలు, తుఫాన్లు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కదా. సెప్టెంబర్ మొదట్లో శాంపిల్ పంపితే, ఏదైనా తేడా ఉన్నా బాగు చేయించుకోవడానికి టైం ఉంటుంది.

చివరగా ఒక మాట. తీసేసిన ఆయిల్ కాలవలోనో గుంట గట్టు మీదో పారబోయకండి, ఆ నీళ్లే మళ్లీ మన గుంటలోకి వస్తాయి. డబ్బాలో పట్టి, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే ఇవ్వండి. ఈ వీడియోని గుంట కాడ జనరేటర్ చూసుకునే అన్నకి కూడా పంపండి.