కౌమారంలో తగ్గే తృప్తి – మన సహాయం



ఆరో తరగతిలో ఒక ప్రశ్న వేస్తే పది చేతులు లేస్తాయి. అదే పిల్లలు తొమ్మిదికి వచ్చేసరికి, జవాబు తెలిసినవాళ్లు కూడా తల వంచుకుంటారు. ఇంట్లో "పొగరెక్కింది" అంటాం, బడిలో "ధ్యాస లేదు" అంటాం. రెండూ కాకపోవచ్చు.

మనిషికి తన జీవితం మీద ఎంత తృప్తి ఉందో తెలుసుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. అమెరికా మనస్తత్వవేత్త హ్యాడ్లీ కాంట్రిల్ 1965లో దీన్ని వివరించారు. సున్నా నుంచి పది వరకు మెట్లున్న నిచ్చెనను ఊహించుకోమంటారు. పై మెట్టు అతి మంచి జీవితం, కింది మెట్టు అతి చెడ్డది. "నువ్వు ఏ మెట్టు మీద ఉన్నావు?" అని అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారంతో ఐరోపా దేశాల్లో, కెనడాలో నాలుగేళ్లకోసారి 11, 13, 15 ఏళ్ల పిల్లలను ఇలాగే అడుగుతున్నారు. చాలాచోట్ల వయసు పెరిగేకొద్దీ చెప్పే మెట్టు దిగుతోంది. ఆడపిల్లల్లో ఈ తగ్గుదల ఎక్కువ.

మన దేశంలో ఎన్‌సీఈఆర్‌టీ 2022లో 6 నుంచి 12 తరగతుల వరకు సుమారు 3.79 లక్షల మంది విద్యార్థులను సర్వే చేసింది. హైస్కూలు పై తరగతులకు వచ్చేసరికి ఇక్కడా తృప్తి తగ్గింది. తమ ఆందోళనకు చదువు, పరీక్షలు, ఫలితాలే కారణమని 81 శాతం మంది చెప్పారు.

కారణం చదువొక్కటే కాదు. ఆ వయసులో శరీరం మారుతుంది. నిద్ర పట్టే వేళ ఆలస్యమవుతుంది, బడి గంట మాత్రం మారదు. అన్నిటికీ మించి, తోటివారు ఏమనుకుంటారోనన్న బెంగ పెరుగుతుంది. బ్యాగు ఎవరిచ్చారో పదేళ్ల పిల్లవాడు పట్టించుకోడు. పద్నాలుగేళ్ల అమ్మాయి మరచిపోదు.

అందుకే దాతలకు ఒక మనవి. పుస్తకాలు, ఫీజులు ఇచ్చేటప్పుడు పిల్లల్ని వేదిక మీదకు పిలిచి ఫోటో తీస్తాం. ఉద్దేశం మంచిదే. కానీ మర్నాడు తరగతిలో ఆ ఫోటోకు జవాబు చెప్పుకోవలసింది ఆ బిడ్డ. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్న బోధ మనకు ఉండనే ఉంది. ఫీజు నేరుగా బడికి కడదాం, పుస్తకాలు ఇంటికి పంపుదాం. బహుమతి గెలిచినవారినే వేదిక ఎక్కిద్దాం.

రెండో మనవి. మన సహాయంలో ఎక్కువ భాగం పదో తరగతి మార్కులు చూశాకే అందుతోంది. అందులో కొంత ఏడు, ఎనిమిది తరగతులకు మళ్లిద్దాం. బిడ్డ మెట్టు దిగడం మొదలయ్యేది అప్పుడే. ఆ వయసుకు డబ్బుతో పాటు, నెలకోసారైనా మార్కుల ఊసెత్తకుండా "ఎలా ఉన్నావు బేటా?" అని అడిగే పెద్దమనిషి కావాలి. రిటైరైన ఉపాధ్యాయులు, చదువుకున్న మన ఆడపడుచులు ఈ పనికి ముందుకు రావాలి.

ఈ వయసు దిగులు చాలావరకు ఆదరణతో తేలికపడుతుంది. అయితే రెండు వారాలకు పైగా తిండి, నిద్ర చెడి, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే డాక్టరుకు చూపించాలి. చనిపోవాలన్న మాట ఒక్కసారి నోట వచ్చినా ఆలస్యం చేయకూడదు. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక, మన పిల్లల మనసులకు నెమ్మదినిచ్చుగాక. ఆమీన్.