శనివారం సాయంత్రం సిద్ధపాటు

క్రైస్తవ ఇళ్లలో ఆదివారం శనివారమే మొదలవుతుందని మన ఇరుగుపొరుగు వారందరికీ తెలిసిందే. చీరలకు గంజి పెట్టడం, పిల్లల బూట్లకు పాలిష్, మర్నాటి కోడికూరకు మసాలా నూరి పెట్టుకోవడం... ఇవన్నీ అయ్యాక మనసు సంగతి గుర్తొస్తే వస్తుంది, లేకపోతే లేదు! ఆరాధనకు మనసును ఎలా సిద్ధం చేసుకుంటారో రాయమని అడిగారు. నేను పాస్టరమ్మను కాను, బళ్లో లెక్కలు చెప్పుకునేదాన్ని. మా బరంపురంలో, మా ఇంట్లో చూసిందే రాస్తాను.

మా అమ్మ సిద్ధపాటు సోమవారం నుంచే ఉండేది. పూటపూటా వంటకు బియ్యం కొలిచాక అందులోంచి ఒక గుప్పెడు తీసి వేరే సంచిలో వేసేది. ఆదివారం ఆ సంచి చర్చికి వెళ్ళేది. తెలుగు సంఘాల్లో ఇది పాత ఆచారం. చేతిలో డబ్బు ఆడని ఇల్లాలు కూడా తనంతట తాను ఇవ్వగలిగిన కానుక అది. వారానికి పద్నాలుగు సార్లు చెయ్యి ఆపుకుని ‘ఇది మనది కాదు’ అనుకోవడం ప్రార్థన కిందే లెక్క అని నా అభిప్రాయం. ఇప్పుడు చాలామందిమి కానుక ఫోన్‌లో పంపేస్తున్నాం. సులువే, కాదనను. కానీ ఆ గుప్పెడు బియ్యం పూటపూటా గుర్తుచేసేది.

ప్రభురాత్రి భోజనం మా సంఘంలో నెల మొదటి ఆదివారం. ముందురోజు సాయంత్రం సిద్ధపాటు కూడిక ఉండేది. నా చిన్నప్పుడు ఒక ఏడు అమ్మకూ మా పిన్నికీ మాటల్లేవు. తోటికోడళ్లిద్దరూ ఒక పెళ్ళిలో పెట్టుపోతల దగ్గర మాటా మాటా అనుకున్నారు. ఎనిమిది నెలలపాటు ఒకే చర్చిలో ఒకరు ముందు వరసలో, ఒకరు చివరి వరసలో కూర్చున్నారు. ఆ శనివారం పాస్టరుగారు మత్తయి సువార్త అయిదో అధ్యాయం చదివారు. కానుకతో బలిపీఠం దగ్గరకు వచ్చాక, నీ సోదరుడికి నీమీద ఏదో ఉందని గుర్తొస్తే కానుకను అక్కడే వదిలి, ముందు వెళ్ళి సమాధానపడమని యేసు చెప్పిన చోటు అది. గమనించారా? నీకు అతనిమీద ఉంటే అని కాదు, అతనికి నీమీద ఉంటే అని. అమ్మకు ఆ తేడా ఆ సాయంత్రమే తట్టిందట.

కూడిక అవగానే నన్ను వెంటబెట్టుకుని పిన్ని ఇంటికి నడిచింది. పిన్ని తలుపు తీసింది గానీ లోపలికి రమ్మనలేదు. అమ్మ గుమ్మం బయటే నిలబడి, “ఆరోజు నేనన్న మాట నీకు కష్టమయ్యింది చెల్లీ, మనసులో పెట్టుకోకు” అంది. “సరేలే అక్కా” అని పిన్ని తలుపు వేసేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ మాత్రం, “నేను వెళ్ళాల్సింది, వెళ్ళాను. తలుపు సంగతి దానిది” అని కొంగు సర్దుకుని నడిచింది. మర్నాడు అమ్మ బల్ల దగ్గరకు వెళ్ళింది. పిన్ని లేచి బయటకు వెళ్ళిపోయింది. రెండు నెలల తరవాత అమ్మకు జ్వరం వస్తే, ఎవరూ పిలవకుండానే పిన్ని గంజి కాచి తెచ్చింది. ఆ గిన్నె ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది, వాళ్ళూ అడగలేదు, మేమూ ఇవ్వలేదు.

పెళ్ళయ్యాక కొన్నేళ్లు చెన్నైలో ఉన్నాం. అక్కడ దక్షిణ ఇండియా సంఘపు తెలుగు ఆరాధనకు వెళ్ళేవాళ్ళం. 1947 సెప్టెంబరు 27న ఆ ఊళ్ళోనే ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి ఒక్కటైన సంఘం అది. వారి ప్రభుభోజన క్రమంలో కానుకలకు ముందు ‘సమాధానం’ అందించుకోవడం ఉంది. ఒకరి అరచేతిని ఇంకొకరు రెండు చేతులతో పట్టుకుని, ఆ పట్టును పక్కవారికి అందిస్తారు. కేరళ సిరియన్ క్రైస్తవుల ఆరాధన నుంచి తెచ్చుకున్న పద్ధతి. పక్కన ఎవరు కూర్చున్నారో చూసుకోవాలి మరి! నేను చూసినచోట కొందరు నమస్కారంతో సరిపెట్టేవారు. నాకైతే చెయ్యి పట్టుకోవడమే నయమనిపించింది.

మళ్ళీ బరంపురం వచ్చాక మాకు వచ్చిపడ్డ చిక్కు వేరు. మా అమ్మాయికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. కీర్తనలను ఒడియా అక్షరాల్లో రాసుకుని పాడుతుంది. పాట నోట్లోకి వస్తోంది గానీ అర్థం లోపలికి వెళ్తోందా అని నా బెంగ. అందుకే శనివారం దీపాలు పెట్టాక అరగంట టీవీ కట్టేసి, మర్నాటి కీర్తన ఒకటి ముందుగానే చదువుకుంటున్నాం. మన పాత కీర్తనల పుస్తకంలో పాటపైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి కదా, మా ఆయన హార్మోనియం ముందేసుకుంటారు. పురుషోత్తమ చౌదరిగారు 1803లో మన పర్లాకిమిడి వైపే పుట్టారని చెబితే అమ్మాయి ఆశ్చర్యపోయింది. ఆ ప్రాంతం 1936లో ఒడిశాలో కలిసింది గానీ, ఆయన రాసింది తెలుగులోనే, ఆయన పూర్వులేమో బెంగాలీ బ్రాహ్మణులు.

“దురితం అంటే ఏమిటమ్మా?” అని అడిగింది ఒక శనివారం. పాపం అన్నాను. “మరి పాపం అనే రాయొచ్చుగా?” ప్రాస, గణం అని ఏదో చెప్పబోయాను. అది వినకుండా, “అయితే మొన్న తమ్ముడి పెన్ను దాచేసింది కూడా దురితమేనా?” అంది. లేచి వెళ్ళి పెన్ను ఇచ్చేసి వచ్చి కూర్చుంది. ఆ రాత్రి ఆ పాట ఎప్పటికన్నా నెమ్మదిగా పాడింది.

వచ్చే మొదటి ఆదివారానికి ఏ కీర్తన అన్నది ఇంకా తేలలేదు. ఆయన శంకరాభరణం అంటున్నారు. పిల్లలిద్దరూ తమకు తెలిసిన వరసే కావాలంటున్నారు.