వార్డెన్ పదవి దగ్గరే ఆగిపోతున్నారు

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో పుట్టింది. వందేళ్ల పండుగ కూడా చేసుకుంది. పూర్తికాలపు వైస్ చాన్సలర్ కుర్చీలో మాత్రం ఒక్క మహిళా కూర్చోలేదు. 1926లో మొదలైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుదీ అదే కథ. 1974లో వచ్చిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కూడా మొదటి యాభై ఏళ్లూ అలాగే గడిపేసింది.

అసలు లేరని కాదు. కాకతీయకు వృక్షశాస్త్ర ఆచార్యురాలు విద్యావతి, ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూకు సునయనా సింగ్ వీసీలుగా చేశారు. గిరిజన భాషలకు లిపులు రూపొందించిన ప్రసన్నశ్రీ 2025లో రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయకు వెళ్లారు. తిరుపతి పద్మావతి, కోఠి మహిళా వర్సిటీలను పక్కనపెడితే మిగిలే పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2021-22 నాటి కేంద్రం సర్వే చూస్తే దేశంలోని ఉన్నత విద్యాసంస్థల్లో వంద మంది మగ అధ్యాపకులకు 77 మంది మహిళలున్నారు. అంటే పాఠం చెప్పేవాళ్లకు కరువు లేదు.

మరి అడ్డంకి ఎక్కడ? వర్సిటీ అధ్యాపకులు వీసీ కావాలంటే ప్రొఫెసర్‌గా పదేళ్ల అనుభవం ఉండాలంటాయి 2018 నాటి యూజీసీ నిబంధనలు. అందులో ఆడా మగా తేడా లేదు. చిక్కంతా ఆ పదేళ్లు ఎప్పుడు మొదలవుతాయన్న దగ్గరే. పీహెచ్‌డీ, పెళ్లి, కాన్పు ఒకే వయసులో మీద పడతాయి. పైగా మన రాష్ట్ర వర్సిటీల్లో నియామక నోటిఫికేషన్లు ఏళ్ల తరబడి రావు. యాభై దాటాక ప్రొఫెసర్ అయితే, పదేళ్లు నిండేసరికి రిటైర్మెంట్ ముంచుకొస్తుంది.

ఈ లోపు ఇచ్చే బాధ్యతలు చూడండి. మేడమ్‌కు లేడీస్ హాస్టల్ వార్డెన్, మహిళా సెల్, వార్షికోత్సవ కమిటీ. సారుకు పరీక్షల విభాగం, రిజిస్ట్రార్ పదవి. వీసీ దరఖాస్తులో బరువు తూగేది రెండోదే. హాస్టల్లో నీళ్లు రాక అర్ధరాత్రి పిల్లలు ఫోన్ చేస్తే పరుగెత్తిన వార్డెన్ చేసింది పాలన కాదా? నా దృష్టిలో అంతకు మించిన పాలనానుభవం లేదు. బయోడేటాలో దానికి ఒక్క వాక్యమే దక్కుతుంది.

ఆపైన పైరవీ. సెర్చ్ కమిటీ మూడు పేర్లు ఇస్తుంది. అందులో ఏది పైకి వస్తుందో తేలడానికి కులం లెక్కలు, ఎమ్మెల్యే సిఫార్సులు, మంత్రి బంగ్లా దగ్గర పడిగాపులు ఉంటాయని క్యాంపస్‌లో అటెండర్‌కు కూడా తెలుసు. రాత్రి తొమ్మిదింటికి సారు అక్కడికి వెళితే పలుకుబడి అంటారు. మేడమ్ వెళితే వేరే మాటలు పుడతాయి.

2024 మే నెలలో తెలంగాణ వీసీల గడువు ముగియగానే పది వర్సిటీలకు ఐఏఎస్‌లను ఇన్‌చార్జి వీసీలుగా పెట్టారు. కాకతీయకు వాకాటి కరుణ, తెలుగు వర్సిటీకి శైలజా రామయ్యర్ వచ్చారు. అక్టోబరులో తొమ్మిది వర్సిటీలకు పూర్తికాలపు వీసీలను ప్రకటిస్తే తొమ్మిదిమందీ మగవాళ్లే. సివిల్స్ దారిలో వచ్చిన మహిళలకు దొరికిన కుర్చీ, జీవితమంతా పాఠాలు చెప్పినవాళ్లకు దొరకలేదు.

ఆ తొమ్మిదిమంది వీసీల పదవీకాలం మూడేళ్లు. 2027లో మళ్లీ దరఖాస్తులు పిలవాలి. ఎంతమంది మహిళలు దరఖాస్తు చేశారో, మూడు పేర్ల దాకా ఎందరు వచ్చారో ఈసారైనా ప్రభుత్వం బయటపెట్టాలి. అందుకు కొత్త చట్టమేమీ అక్కర్లేదు.